నావికుడు మా చిన్నాన్న

వరుసకు పెద్దవారును వయస్సునకు చిన్నవారును అగు బంధువులు పెద్ద కుటుంబములలో ఒకరిద్దరుందురు. ఏడేండ్ల మేనమామకు పదునాలుగేండ్ల మేనల్లుడు పెండ్లిపందిరిలో నమస్కరింపవలసి వచ్చినప్పుడు చూచువారందరు నవ్వుదురు. నాకు అట్టి బంధువు ఒక పినతండ్రి. ఆయనకు ఇరువదిరెండేండ్లు. నా చిన్నతనమున ఆయన నాకంటె పెద్ద. నేను కళాశాల విడుచునాటికి మా యిద్దరిది ఒకే యీడు. ఇప్పుడు నలువదియారేండ్ల వాడనైన నాకు ఆయన కుమారుని వయస్సువాడు. నా తరగతిలో చదివి వెళ్ళిన పిల్లలు ఆ యీడువారు వీథిలో ఎదురై "నమస్కారం మాష్టారూ" అని పలుకరించినప్పుడు, వీరిలో నొకనిని నేను "చిన్నాన్నా" అని పిలువవలసి వచ్చినచో ఎట్లుండునని ఒక్కొక్కప్పుడు తోచును.

ఆయన 1971వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ రాత్రి అరేబియా సముద్రములో ఖుక్రీ యను యుద్ధనౌకతో కూడ మునిగిపోయెను. నేను పుట్టుటకు అప్పటికింకను ఎనిమిదేండ్ల వ్యవధి యున్నది. కావున నేనిచ్చట వ్రాయు జ్ఞాపకములు నావి కావు. మా నాయనవి, మామ్మవి, పిన్నివి. ఒకరు చెప్పినదానికిని మరియొకరు చెప్పినదానికిని పొత్తు కుదరని తావులున్నవి. మా తాతగారు మాత్రము ఆయనను గూర్చి ఏమియు చెప్పెడివారు కారు. గోడమీది పటమును చూపి "మీ చిన్నాన్న. వీరుడు" అని ఊరకుండెడివారు. ఆ పటములో ఆయన తెల్లని నావికదుస్తులతో, టోపీ కొంచెము ఎడమకు వంచి, నవ్వు నాపుకొనుచున్నట్లు కనబడును. వీరుడని పిలువబడుటకు సిద్ధముగా నున్న ముఖము కాదది.

మాది భీమునిపట్టణము. గోస్తనీనది సముద్రములో కలియుచోట నున్న యూరు. ఒకప్పుడు డచ్చివారు ఇచ్చట వర్తకము చేసిరి. వారి సమాధు లిప్పటికిని నున్నవి. మా యిల్లు సముద్రమునకు కూతవేటు దూరము; ఐనను మా యింట ఎవరికిని ఈత రాదు. తాతగారు గ్రహణములకును మాఘపూర్ణిమకును మోకాలిలోతు దిగి, సంకల్పము చెప్పుకొని, మూడు మునుకలు వేసి వచ్చెడివారు. సముద్రము మాకొక తీర్థము. జాలరిపేటవారికి అది పొలము. అర్ధమైలు దూరములో ఒకే నీటికి ఇన్ని అర్థములుండుట నాకు చిన్ననాడు వింతగా తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది.

ఈ అర్ధమైలును మా యింట మొట్టమొదట దాటినవాడు చిన్నాన్న. ఆయన మామ్మకు రెండవ కొడుకు, ఆమె నోట ఎల్లప్పుడు "మా నడిపోడు." బడి విడిచినపిమ్మట జాలరిపిల్లలతో పోయి గోస్తని మొగలో ఈత నేర్చెను. చొక్కా తడిసినచో దెబ్బలు తప్పవు గనుక దానిని తాటిమట్టల నడుమ దాచి దిగెడివాడట. ఐనను మామ్మ పట్టుకొనెడిది. వాడింట అడుగు పెట్టగానే తల నిమిరి, ఆ వ్రేలు నాలుకకు రాచుకొని చూచెడిది. ఉప్పగా నున్నచో "మళ్ళీ దిగావురా?" అని మెల్లగా అడిగెడిది; తాతగారికి మాత్రము చెప్పెడిది కాదు. ఆమె తొంబదియేట కన్నుమూసినది. చివరిదినములలో మనుమలము దగ్గరకు పోయినప్పుడెల్ల మా తలలు నిమిరి వ్రేలు రుచి చూచుచుండెను.

పదునేడవ యేట, ఎస్. ఎస్. ఎల్. సి. పరీక్షలో గణితము తప్పినపిమ్మట, చిన్నాన్న సైకిలుమీద పదునైదుమైళ్ళు తొక్కుకొని విశాఖపట్టణము పోయి నౌకాదళమునకు దరఖాస్తు పెట్టి వచ్చెను. యుక్తవయస్సు రానివాడగుటచే తండ్రి సంతకము కావలసెను. తాతగారు బడిలో తెలుగుపండితులు. సంస్కృతమున నాకు తొలిగురువు లాయనయే. కలివర్జ్యములలో సముద్రయాన మొకటి యని శ్లోకములతో పాఠము చెప్పగలవారు. ఐనను సంతకము చేసిరి. ఇంట నలుగురు పిల్లలు. పండితుని జీత మెంతయో చదువరులెరుగుదురు. సముద్రయాననిషేధమును ఖండించుచు మన సంస్కర్తలు ఎన్నియో ఉపన్యాసము లిచ్చిరి. కాని ఉపన్యాసము చేయలేని పనిని నెలజీతము చడిచప్పుడు లేక చేసివేయును.

అప్పట్లో బాలనావికుల శిక్షణ విశాఖలోనే సర్కార్స్ అను నౌకాస్థావరమున జరుగుచుండెను. తరువాత 1980లో అది ఒరిస్సాలోని చిలకకు తరలినది. అచ్చటినుండి ఆయనను ఇంజనుపని నేర్చుకొనుటకు బొంబాయికి పైన లోనావ్లా కొండలలో నున్న శివాజీ యను విద్యాస్థానమునకు పంపిరి. సముద్రముకొరకు ఇల్లు విడిచినవానిని కొండ యెక్కించిరని తన తొలియుత్తరములలోనే ఆయన నవ్వుకొనెను.

ఆయన యుత్తరములు మా యింట పందొమ్మిది నిలిచియున్నవి. వానిలో దేశమును గూర్చిగాని యుద్ధమును గూర్చిగాని ఒక్క వాక్యమును లేదు. ఎండ, తిండి, డబ్బు, ఈ మూడే. బాయిలరుగదిలో అరగంట నిలిచినచో చొక్కా పిండవచ్చును. పైనుండువారికి సముద్రపు గాలి. క్రిందనుండువారికి సముద్రమున్నదన్న మాటయే గుర్తుండదు, ఓడ యూగినప్పుడు తప్ప. ఆవకాయ సీసా దారిలో పగిలి, మూటలోని పంచె ఎఱ్ఱబడినది. ఐనను పంచెకంటిన కారము వృథా పోనీయలేదు. ఇట్టివి ఆయన వ్రాసిన సంగతులు.

రెండుత్తరములు ఒకే తేదీవి కలవు. ఒకటి తల్లికి. ఆమెకు చదువు రాదు గనుక తాతగారు చదివి వినిపించునని తెలిసి వ్రాసినది: "ఇచ్చట మాకు వండువాడు బ్రాహ్మణుడే. ఏమియు దిగులు పెట్టుకొనవలదు." రెండవది మా నాయనకు, పాఠశాల చిరునామాకు: "అన్నయ్యా, ఒక బల్లకు ఎనమండుగురము. ఒకడు పంజాబువాడు, ఒకడు మలయాళి, నా ప్రక్కవాడు రత్నగిరి జాలరి. ఎవడు వండునో ఎవరును అడుగరు. ఆకలి వేసినవాడు ముందు కూర్చుండును. అమ్మకు చెప్పకు." సహపంక్తిభోజనములను గూర్చి నేను ఎన్నియో వ్యాసములు చదివితిని, రెండు మూడు వ్రాసితిని కూడ. ఆకలి వేసినవాడు ముందు కూర్చుండునన్న మాటవంటిది వానిలో నాకు కనబడలేదు.

1970లో ఆయనకు పెండ్లి చేసిరి. పిన్నిది విజయనగరము దగ్గర పల్లెటూరు. ఆమెకు అప్పుడు పదునేడేండ్లు. ఎనిమిదవ తరగతితో చదువు మానిపించిరి. రెండు సెలవులలో కలిపి వారిరువురు ఒకచోట నున్నది నలువదియొక్క దినము. ఈ లెక్క మా కెవరికిని తెలియదు. పిన్నియే ఒకనాడు చెప్పినది. రెండవ సెలవులో, ఆమె పొయ్యి ముందు కూర్చుండి సామాను కట్టివచ్చిన చిత్తుకాగితములు విప్పి చదువుకొనుట ఆయన చూచెనట. "చదువంటే అంత యిష్టమా? అయితే పరీక్షకు కట్టు" అనెనట. తనకు గణితము తప్పినది గనుక తన వంతుకూడ ఆమెయే ప్యాసు కావలెనని హాస్యమాడెనట.

ఖుక్రీ చిన్న యోడ. ఇంగ్లండులో కట్టబడి 1958లో మన నౌకాదళమున చేరినది. జలాంతర్గాములను వెదకి వేటాడుట దాని పని. 1971 డిసెంబరులో యుద్ధము వచ్చినప్పుడు దియూ సమీపమున పాకిస్తాను జలాంతర్గామి యొకటి మెలగుచున్నదని తెలిసి ఖుక్రీని, దాని తోడియోడయగు కిర్పాణును పంపిరి. హంగోరను ఆ జలాంతర్గామి ఫ్రాన్సులో కట్టబడినది. నీటిలోనికి ధ్వనిని పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి శత్రువును గుర్తించు సోనారను యంత్రము మన యోడలకు కలదు గాని, దాని చెవికి అందు దూరము కొద్ది. క్రిందనున్నవానికో, పైవాని చప్పుడు చాల దూరమునుండి వినవచ్చెను. అదిగాక ఆ యంత్రమును మెరుగుపరచు ప్రయోగ మొకటి ఖుక్రీలో జరుగుచుండుటచే ఓడను మెల్లగా నడపవలసి వచ్చెను. వేటకు పోయినదే వేటయైనది. రాత్రి తొమ్మిది గంటలకు కొంచెము ముందు టార్పీడో తగిలెను. కొలది నిమిషములలో ఓడ లేదు. 18 మంది అధికారులును 176 మంది నావికులును పోయిరి. మరునాడు కచ్చల్ అను ఓడ వచ్చి, నీటిలో తేలుచున్న 67 గురిని ఎక్కించుకొనెను. స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట యుద్ధములో మనము పోగొట్టుకొన్న యుద్ధనౌక నేటివరకు అదొక్కటియే.

నౌకాధిపతి కెప్టెను మహేంద్రనాథ ముల్లా తన ప్రాణరక్షణకవచమును ఒక నావికున కిచ్చివేసి తాను ఓడతోనే దిగిపోయెనని బ్రతికివచ్చినవారు చెప్పిరి. ఆయనకు మరణానంతరము మహావీరచక్ర మిచ్చిరి. అది తగినదే. నేను ఏటేట పిల్లలకు ఆ కథ చెప్పుచుందును. చెప్పునప్పుడు నా గొంతు కొంచెము పట్టుకొనును. కాని అది ఓడ పైయంతస్తు కథ. క్రింద బాయిలరువద్ద నిలిచినవారికి అట్టి కథ ఉండదు, చూచి చెప్పువాడు మిగులడు గనుక. ఆ 176 అన్న యంకెలో మా చిన్నాన్న ఒకడు.

ఆ వారములోనే జరిగిన మరియొక సంగతి చెప్పవలెను. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రివేళ విశాఖ రేవు బయట ఘాజీయను పాకిస్తాను జలాంతర్గామి మునిగినది. లోపలివారు తొంబదిమందికి పైగా, ఒక్కడును మిగులలేదు. ఆ వార్తను మన నౌకాదళము ప్రకటించినది 9వ తేదీన. మరునాడు పత్రికలలో చదివి మా వీథివారు బెల్లము పంచుకొనిరట. మా నాయన కప్పుడు ఇరువదియారేండ్లు. ఆ బెల్లము తానును తింటినని ఆయన నాతో రెండుమారులు చెప్పెను. తినునప్పటికి ఆయన తమ్ముడు పోయి ఒక పగలు గడచినది. ఇప్పుడు విశాఖ సముద్రతీరమున ఆ విజయమునకు గుర్తుగా స్మారకస్తంభ మున్నది. దాని ముందు సాయంకాలమున పిల్లలు బుడగ లూదుకొనుచుందురు. నేను ఆ దారిని పోయినప్పుడెల్ల, ఆ తొంబదిమంది యిండ్లలో ఏ తల్లి ఎవరి తలను నిమిరి చూచుచుండెనో యని తలంతును.

13వ తేదీ సోమవారమునాడు మా యింటికి మనియార్డరు వచ్చెను. బొంబాయినుండి ముప్పది రూపాయలు; ఓడ బయలుదేరకముందు కట్టినది. కూపనుమీద మూడు పంక్తులు: "దీనిలో సగము ఆమె పరీక్షకు. సగము పుస్తకములకు. ఇంటికి వచ్చే నెల పంపెదను." రెండు దినములు పోయినపిమ్మట తంతి వచ్చెను. అది ఇంగ్లీషున నున్నది. తాతగారికి ఇంగ్లీషు రాదు. మా నాయన చదివి, తల్లి ముఖము చూచి, "కనిపించటం లేదట" అనెను.

నేను ఇరువదియేండ్లుగా పిల్లలకు ఇంగ్లీషును తెలుగును చెప్పుచున్నవాడను. "మిస్సింగు" అను మాట ఆ భాషలో, యుద్ధకాలపు తంతిలో, ఏమి చెప్పునో ఆ దేశపు తల్లులకు తెలియును. మన భాషలో కనబడకపోవునవి వేరు. దూడ కనబడదు, తాళపుచెవి కనబడదు, తప్పిపోయిన పిల్లవాడు తిరునాళ్ళలో కనబడడు. వెదకినచో దొరకును. మామ్మకు ఆ మాట అట్లే వినబడినది. తరువాత జనవరిలో, మరణించినట్లు భావింపవలసినదని కార్యాలయమునుండి ఉత్తరము వచ్చినప్పుడు ఆమె లక్ష్యపెట్టలేదు. "సోమవారం డబ్బు పంపినవాడు గురువారమే ఎలా పోతాడు?" అని ఆమె వాదము. మనియార్డరు కట్టిన తేదీకిని అందిన తేదీకిని గల భేదమును మా నాయన ఎన్నిమారులు విప్పి చెప్పినను ప్రయోజనము లేకపోయెను. ఆ ముప్పది రూపాయలను ఆమె కుంకుమభరిణెలో పెట్టి మూత బిగించినది.

శవము దొరకని చావునకు మన శాస్త్రములో విధి కలదు. మోదుగకాడలు 360 తెచ్చి, మనుష్యాకారముగా పరచి, దానినే దేహమని భావించి దహనము చేయుదురు. ఏ కబురును లేనివానికి పండ్రెండేండ్లు వేచియుండవలెనని కొందరు స్మృతికారులు. 1872నాటి సాక్ష్యచట్టము ఏడేండ్ల కబురులేమిని మరణముగా భావింపవచ్చుననెను. దానికి బదులుగా 2024లో అమలునకు వచ్చిన క్రొత్తచట్టము కూడ ఆ యేడునే నిలిపినది. ఋషులైనను న్యాయవేత్తలైనను ఈ విషయమున చేసినది ఒకటే: ఎదురుచూపునకు ఒక గడువు వ్రాసిరి. సర్కారుత్తరము చేతిలో నున్నది గనుక తాతగారు వేచియుండ పనిలేదు. ఐనను మామ్మ ఒప్పుకొనలేదు. "నా కొడుకును ఆకులతో చేసి తగలబెడతావా?" అని అడిగినదట. ఆ విధముగా ఒక యేడు గడచెను.

ఆ యేడు పిన్నికి ఎట్లు గడచినదో చాలకాలము ఎవరును తలపోయలేదు. ఆమె నాతో చెప్పినది నేను పెద్దవాడనైన తరువాత. కర్మ జరుగలేదు గనుక ఆమె ముఖమున బొట్టుండెను; చేతులకు గాజులుండెను; శ్రావణశుక్రవారమునాడు మామ్మయే పిలిచి తలలో పూలు పెట్టినది. వీథిలో కొందరు విస్తుపోయి చూచిరి. "అత్తగారు ఆయన్ని ఎంతకాలం బ్రతికించారో, అంతకాలం నా బొట్టునూ బ్రతికించారు. ఆయన రారని నాకు తెలుసు. తెలిసీ ఆవిడతోపాటు ఎదురు చూశాను. మరి ఏం చెయ్యను, ఆవిడ ఒప్పుకున్న మర్నాడు నన్ను కూర్చోబెట్టేస్తారు" అని పిన్ని చెప్పెను. ఏడ్చుచు చెప్పినది కాదు; చిక్కుడుకాయలు త్రుంచుచు చెప్పినది.

1972 చివర మామ్మ జబ్బుపడినప్పుడు తాతగారు కర్మ జరిపించిరి. మా నాయన విస్తళ్ళు కుట్టువారి యింటికి పోయి మోదుగకాడలు లెక్కపెట్టి కొని తెచ్చెను. గోస్తని యొడ్డున, చిన్నాన్న ఈత నేర్చినచోటికి కొంచెము ఎగువను, ఆ కాడలను దహనము చేసిరి. పదియవనాడు పిన్నికి జరుపవలసినవన్నియు జరిపిరి. వాని నిచ్చట వర్ణింపను. మన పత్రికలలో అరువది డెబ్బదియేండ్లు వర్ణించియే యున్నాము. ఆ మరునాడు మామ్మ మంచముమీదనుండి పిన్నిని పిలిచి, భరిణె మూత తీసి, కుంకుమ యంటిన మూడు పదిరూపాయల నోట్లను ఆమె చేతిలో పెట్టెను. "నీకు పంపినవే" అనెను. అంతకుమించి ఏమియు అనలేదట.

పిన్ని ఆ డబ్బుతోనే పరీక్షకు కట్టెను. మొదటిమారు గణితమే తప్పినది. రెండవమారు ప్యాసైనది. తరువాత ఉపాధ్యాయశిక్షణ పొంది, 1977లో సముద్రపుటొడ్డు పల్లెలో ప్రాథమికపాఠశాలలో చేరెను. అక్కడి పిల్లలలో కొందరి తండ్రులు చిన్నాన్నకు ఈత నేర్పినవారు.

మరుసటి యేట ఒక సంబంధము వచ్చినది. వచ్చినదనుట కంటె అడిగించిరనుట సరి. శిక్షణలో ఆమెతో చదివిన యువకుడు, మా శాఖవాడే, తన మేనమామను తాతగారి యొద్దకు పంపెను. తాతగారు వారిని కూర్చుండబెట్టి, మజ్జిగ ఇప్పించి, "ఆమె వీరపత్ని, ఆ ప్రస్తావన మా యింట వద్దు" అని చెప్పి పంపివేసిరి. తాతగారి పుస్తకముల బీరువాలో వీరేశలింగము పంతులుగారి గ్రంథము లన్నియు వరుసగా నుండెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు జరిపించిన మొదటి వితంతువివాహమును గూర్చి ఆయన తరగతిలో చెప్పునప్పుడు పిల్లలు కదలక వినెడివారని ఆయన శిష్యులే నాతో చెప్పిరి. ఖుక్రీ మునిగిననాటికి ఆ పెండ్లి జరిగి తొంబదియేండ్లకు రెండు దినములు తక్కువ.

ఇది కపటమని తీర్పు చెప్పుట సులభము. నేనట్లు చెప్పజాలను. ఆయన చదివినది మనస్ఫూర్తిగా చదివిరి, చెప్పినది నమ్మియే చెప్పిరి. కాని శవము దక్కలేదు, పెట్టె దక్కలేదు, మనుమడు పుట్టలేదు. ఆ కొడుకు ఉండెనని చెప్పుటకు ఇంట మిగిలినవి రెండే: గోడమీద పటము, వంటింట కోడలు. రెండింటిని కదల్పకుండుటయే ఆయన పుత్రశోకము. సంస్కారమునకు ఎదురునిలుచునది ఎల్లప్పుడును మూఢత్వమే కాదు, ప్రేమ కూడ. దానితో వాదించుట మరింత కష్టము. ఐనను ఒక సంగతి మిగులును: పటము మాటాడదు, కోడలికి నోరుండెను.

అర్ధమైలు దూరమున జాలరిపేటలో సముద్రము మింగినవారు ఏటేట ఒకరిద్దరుండుచునేయుండిరి. వారిలో మారుమనువు కద్దు. ఏడాది దాటినతరువాత పెద్దలు కూర్చుండి మాటాడుదురు. పిల్లలెవరియొద్ద నుందురో తేల్చుదురు. ఆమె మరియొక యింటికి పోవును. సముద్రముతో వ్యవహారముగలవారు దానికి తగిన ధర్మమును ఏర్పరచుకొనిరి. మేము చిన్నాన్నను సముద్రముమీదికి పంపితిమి గాని, ఒడ్డుమీది ధర్మమును మార్చుకొనలేదు.

పింఛనుమాట కూడ ఆనాడు వచ్చినదట. పెండ్లియాడినచో వితంతువునకు అప్పట్లో కుటుంబపు పింఛను ఆగెడిది. పిన్నికి అప్పటికి సొంత జీతమున్నది గనుక అది నెపమే. ఐనను ఆ నెపమును అందించినది సర్కారు. 1856లో వితంతువివాహమును చట్టసమ్మతము చేసినప్పుడే, పెండ్లియాడినచో మొదటి భర్త యాస్తిలో హక్కు పోవునని ఆ చట్టములోనే వ్రాసిరి. మరి శౌర్యపురస్కారము పొందినవారి వితంతువుల కిచ్చు భృతిని గూర్చి ఇటీవలివరకు ఒక నియమముండెను: ఆమె మరల పెండ్లియాడినచో భృతి ఆగును, చనిపోయినవాని తమ్మునినో అన్ననో పెండ్లియాడినచో ఆగదు! మరిదిని దేవరుడందుము, ఆ మాటకు రెండవ వరుడని అర్థము చెప్పినవారు మన ప్రాచీనులలో నుండిరి. నిరుక్తపాఠములో నేనది చదివినప్పుడు గతించిన కాలపు సంగతి యనుకొంటిని. అది రక్షణశాఖ దస్త్రములలో 2017 నవంబరువరకు బ్రతికియుండెను. ఆ నెలలో ఆ నియమమును తీసివేసిరి.

చాలకాలమునకు, తాతగారు పోయినపిమ్మట, ఆ సంబంధము మాట వచ్చినప్పుడు నేను పిన్నిని అడిగితిని. "నీకు ఇష్టముండెనా?" అంటిని. ఆమె కొంచెముసేపు ఆలోచించినది.

"ఏమోరా. ఉందో లేదో నాకే తెలియదు. ఎవరైనా అడిగితే కదా ఆలోచించుకునేది. ఆ వచ్చినాయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాక, ఎవరండీ వచ్చింది అని మావగారిని అడిగాను. ఎవరో, దారి తప్పి వచ్చారు అన్నారు."

1989లో నౌకాదళమువారు క్రొత్త యోడ నొకదానికి ఖుక్రీయని పేరు పెట్టిరి. అది ముప్పదిరెండేండ్లు పనిచేసి, 2021 డిసెంబరు 23వ తేదీన విశాఖలోనే విశ్రాంతి పొందినది. ఆ పేరు తిరిగి తిరిగి మా యింటికి పదునైదుమైళ్ళలోనికి వచ్చి ఆగినది. అచ్చటినుండి దానినిగూడ దియూకు కొనిపోయిరి.

అంతకు మూడేండ్లముందు, 2018లో, పిన్ని దియూ చూడవలెననెను. ఉద్యోగవిరమణ చేసి అప్పటికి ఏడేండ్లైనది. ఆమె ఎన్నడును ఏదియు కోరినది కాదు. నేను వెంట పోయితిని. వేరావలువరకు రైలు, అచ్చటినుండి బస్సు. సముద్రమునకు ఎదురుగా చిన్న గుట్టమీద గాజుపెట్టెలో ఖుక్రీ నమూనా యున్నది. చుట్టును నీరు, ఎండ. ప్రేక్షకులు ముందుభాగమున, ఫిరంగివైపున, నిలిచి ఫోటోలు తీసికొనుచుండిరి. పిన్ని గాజుపెట్టె చుట్టు ఒకమారు తిరిగి వచ్చి, "ఇంజనుగది ఎక్కడరా?" అని అడిగెను.

పొగగొట్టముక్రిందనే బాయిలరులుండునని నేను పుస్తకములలో చూచియుంటిని. చూపితిని. అది ఓడ నడుమ, నీటిరేఖకు దిగువ, నమూనాలో అచ్చట కిటికీలేమియు లేవు, రంగు పూసిన రేకు మాత్రమే. ఆమె ఆ ప్రక్కకు పోయి కొంగు నెత్తిన కప్పుకొని చాలసేపు నిలిచినది. ఏమియు అనలేదు. తరువాత దాహముగా నున్నదనగా క్రింద దుకాణములో నిమ్మరసము త్రాగితిమి.

తిరుగుబస్సులో కిటికీ ప్రక్కను కూర్చుండి ఆమె మాటాడ మొదలుపెట్టెను. నలువదియొక్క దినముల లెక్క నాకు తెలిసినది అప్పుడే. ఆయన పులుసులో బెల్లము సహింపడట. ఈల వేయుట రాదట. నేర్చుకొనుచున్నట్లు నటించుచు ఆమెను నవ్వించెడివాడట. నిద్రలో మాటాడెడివాడట.

"ఏం మాట్లాడేవాడు?"

"మాటలు కావురా, అంకెలు. ఇంగ్లీషులో. అక్కడ గడియారంలాంటిది ఉంటుందట, అందులో ముల్లు చూసి పైకి అరిచి చెప్పాలట. నిద్రలో కూడా అదే. మొదటిరోజు హడిలిపోయాను. తరవాత అలవాటైపోయింది. ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయేవారు. ఫైవ్ ఫిఫ్టీ అన్నాక ఆగి, పక్కకి తిరిగి పడుకునేవారు. అది వినేదాకా నాకూ నిద్ర పట్టేది కాదు."